పార్కు నియమం పచ్చికను చూడాలి, టోపీని కాదు

అచ్యుతాపురం మండలానికి ప్రకృతి ఇచ్చిన బహిరంగ స్థలాలకు కొదవ లేదు. పూడిమడక సముద్రతీరం ఉంది. మునగపాక వైపు వెళితే కొండకర్ల ఆవ ఉంది. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సుగా దానికి పేరు. ఆదివారమైనా, పండుగ మర్నాడైనా చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుటుంబాలు పిల్లలతో సహా ఈ చోట్లకు చేరతాయి. పారిశ్రామిక వాడలో వారమంతా పనిచేసిన కార్మికులకు డబ్బు ఖర్చు లేకుండా గాలి పీల్చుకునే చోటు ఇదే. అదే పూడిమడక తీరంలో 2022 జులై 29న స్నానానికి దిగిన అనకాపల్లి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు పలువురు అలలకు కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి దుర్ఘటన జరిగిన ప్రతిసారీ కొన్నాళ్లు పహరా గురించీ, హెచ్చరిక బోర్డుల గురించీ గట్టిగా మాట్లాడతారు. నెల తిరిగేసరికి ఆ మాటలు సద్దుమణుగుతాయి.

దేశంలో మరికొన్ని చోట్ల మాత్రం బహిరంగ స్థలాల నియమం ఎంతో చురుగ్గా ఉంటుంది. అక్కడ అది వారానికొకసారి, శుక్రవారం మధ్యాహ్నం, ఠంచనుగా నిద్ర లేస్తుంది. మునిగిపోయే పిల్లవాడి కోసం రాని నియమం, పావుగంట నమాజు చేసుకుని లేచిపోయే కూలివాని కోసం లాఠీ పట్టుకుని వస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన ముందున్న సమస్య స్పష్టమవుతుంది. పార్కులకు, తీరాలకు, సరస్సులకు కఠినమైన నియమాలు ఉండి తీరాలి. ఆ నియమాలు నేలకు జరిగే హానిని, మనిషికి వచ్చే ప్రమాదాన్ని కొలవాలి. వచ్చినవాడి పేరును, వేషాన్ని, మతాన్ని కొలిచే నియమం పార్కును కాపాడదు. అది పార్కును అడ్డం పెట్టుకుని మరెవరినో వేటాడుతుంది.

నియమం మనకు శత్రువు కాదు

ముందుగా మనలో కొందరికి ఉన్న ఒక అపోహను తొలగించుకోవాలి. పార్కుల్లో ఆంక్షలన్నీ మనల్ని అణచడానికే పుట్టాయనీ, వాటిని లెక్కచేయకపోవడమే ధైర్యమనీ భావించేవారు ఉన్నారు. ఇది తప్పుడు ఆలోచన. దీనివల్ల మొదట నష్టపోయేది మన పిల్లలే. సంపన్నుడికి ఇంటి ముందు తోట ఉంటుంది, క్లబ్బులో ఈత కొలను ఉంటుంది. రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి ఊరి పార్కే తోట, ఊరి తీరమే విహారం. ఆ చోటు గాజుపెంకులతో, ప్లాస్టిక్కుతో, తాగుబోతులతో నిండిపోతే ఇంట్లోనే బందీలయ్యేది మన స్త్రీలు, మన వృద్ధులు.

హాని అంటే ఏమిటో కళ్లారా చూడగలిగిన విషయమే. కొండకర్ల ఆవలో ఇప్పటికీ తాటి దోనెలపై షికారు సాగుతుంది. శీతకాలంలో వలస పక్షులు వచ్చి తామరల నడుమ వాలతాయి. ఒడ్డున హోరెత్తే పాటలు పెడితే పక్షి గూడు విడిచి పోతుంది. విసిరేసిన సంచి నీటిలో చేరి చేపను, పక్షిని చంపుతుంది. ప్రాణరక్షక జాకెట్టు లేకుండా, మోయగలిగినదానికంటే ఎక్కువ మందిని దోనె ఎక్కిస్తే ఏమవుతుందో గోదావరి మనకు చెప్పింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, కృష్ణమ్మ ఒడిలో పవిత్ర సంగమం దగ్గర అదే జరిగింది. రెండు చోట్లా నీరు కొత్తది కాదు, పడవలు కొత్తవి కావు. కొరవడింది ఎవరూ తప్పించుకోలేని నియమం.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల సంగతీ అంతే. వేల ఏళ్లపాటు గాలీ నీరూ కలిసి పేర్చిన ఆ దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ అవి చేరాయి. తవ్విన మట్టిని ఏ ప్రభుత్వమూ తిరిగి ఆ పొరలుగా పేర్చలేదు. అక్కడ ఒక్క పార దెబ్బ కూడా శాశ్వతమే.

కాబట్టి చెట్టు కింద మంట పెట్టవద్దంటే, బండ్లతో పచ్చిక మీద విన్యాసాలు చేయవద్దంటే, నైలాన్ మాంజాతో గాలిపటం ఎగరేయవద్దంటే మనం అభ్యంతరం చెప్పరాదు. ఆ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. కార్తీక వనభోజనానికి వచ్చినవారు విస్తళ్లు వదిలి వెళ్లినా, ఈద్ మర్నాడు వచ్చిన మన కుటుంబాలు బిర్యానీ పొట్లాలు వదిలి వెళ్లినా ఆ చెత్తకు మతం ఉండదు. ఈ సంగతి మనవాళ్లకు చెప్పడానికి మనం మొహమాటపడితే, రేపు న్యాయం గురించి మాట్లాడే అర్హత కోల్పోతాం.

మన ధర్మం ఈ విషయంలో ఎలాంటి సందేహానికీ తావు ఇవ్వలేదు. దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) విశ్వాసపు శాఖల్లో ఒకటిగా లెక్కించారు. జనం నడిచే దారిలో, జనం సేదతీరే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పని అని హెచ్చరించారు. మదీనాను పవిత్ర ప్రాంతంగా ప్రకటించి అక్కడి చెట్లను నరకరాదన్నారు. కొన్ని మైదానాలను ‘హిమా’గా, అంటే అందరి మేలు కోసం కట్టుబాటులో ఉంచిన భూములుగా నిలిపారు. అభయారణ్యం, రక్షిత సరస్సు అని నేడు మనం అంటున్నవాటికి అది పూర్వరూపం.

ఆ హిమా నిర్వహణలో ఒక ఘట్టం ఈ వ్యాసానికంతటికీ ఆధారం కాగలదు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) హిమా కాపలాకు నియమించిన హునైకి కొన్ని ఆదేశాలు ఇచ్చారు. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (ర) వంటి సంపన్నుల మందలను మాత్రం దూరంగా ఉంచమన్నారు. ఆ ఇద్దరూ సాధారణ వ్యక్తులు కారు, ప్రవక్త (స) సన్నిహిత సహచరులు. అయినా వారి మందలు పోతే వారికి పొలాలు, ఖర్జూర తోటలు ఉన్నాయి. పేదవాడి గొర్రె పోతే అతని బతుకే పోతుంది. ఇదీ నియమం అంటే. అది ఎవరి ఆకలిని తీర్చాలో, ఎవరి బలాన్ని ఆపాలో దానికి తెలుసు. నేటి మన పార్కు నియమాన్ని ఈ కొలబద్దతో కొలిచి చూద్దాం.

పెద్ద చేతికి వర్తించని నియమం

పార్కు ప్రభుత్వ ఆస్తి అనుకోవడం పొరపాటు. వక్ఫ్ భూమికి ముతవల్లి ఎలాంటివాడో, పార్కుకు ప్రభుత్వం అలాంటిది. ముతవల్లి కాపాడాలి, లెక్క చెప్పాలి. అమ్ముకునే హక్కు, తన ఇష్టానుసారం పంచిపెట్టే హక్కు అతనికి లేదు. సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని పలుమార్లు స్థిరపరిచింది. నదులు, తీరాలు, అడవులు వంటి సహజ సంపదకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని కమల్‌నాథ్ కేసులో తేల్చింది. బెంగళూరు రాజమహల్ విలాస్ విస్తరణలో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆస్పత్రి కోసం కేటాయిస్తే, చుట్టుపక్కల నివాసులు పోరాడారు. 1991లో ఆ కేటాయింపు చెల్లదని అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. లక్నో అమీనాబాదులో స్వాతంత్ర్య పోరాట కాలంలో జెండాలు ఎగిరిన ఝండేవాలా పార్కు కింద నగరపాలక సంస్థ అంగళ్ల సముదాయం కట్టించబోయింది. 1999లో సుప్రీంకోర్టు ఆ కట్టడాన్ని తొలగించి పార్కును తిరిగి పార్కుగా చేయమంది.

ఈ కేసులన్నింటిలో పార్కును మింగబోయింది ఎవరు? పువ్వు కోసిన పిల్లవాడు కాదు, పచ్చికపై చాప పరిచిన కూలివాడు కాదు. సంతకం చేసే అధికారం ఉన్న పెద్ద చేయి. మన విశాఖలోనే రుషికొండను చూడండి. సముద్రపు ఒడ్డున పచ్చగా ఉన్న కొండను తొలిచారు. అనుమతించిన పరిధిని దాటి పనులు జరిగాయని కేంద్ర పర్యావరణ శాఖ నియమించిన బృందమే నివేదించింది. అదే తీరంలో ఒక పేద కుటుంబం గొడుగు పాతి మొక్కజొన్న పొత్తులు అమ్ముకుంటే నియమం గుర్తుకు వస్తుంది. వీధి వ్యాపారుల జీవనోపాధిని రక్షించే చట్టం 2014 నుంచి అమలులో ఉన్నా, తోపుడుబండి మీద పడే చేయి ఆ చట్టాన్ని చదివిన చేయి కాదు.

లేఅవుట్ల సంగతి మరింత దగ్గరి విషయం. మన రాష్ట్ర నియమాల ప్రకారం లేఅవుటు వేసేవారు పది శాతం భూమిని బహిరంగ స్థలంగా వదిలి, ఉచితంగా స్థానిక సంస్థకు అప్పగించాలి. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చినప్పటినుంచి భూమి ధర పెరిగింది, లేఅవుట్లు మొలిచాయి. ప్రతి లేఅవుటులో వదిలిన ఆ పది శాతం ఎక్కడ ఉంది? ఏ సర్వే నంబరులో ఉంది? నేడు దానిపై పిల్లలు ఆడుతున్నారా, లేక ఎవరైనా కంచె వేసుకున్నారా? ఈ ప్రశ్నలకు జవాబు గ్రామ పంచాయతీ గోడ మీద అందరికీ కనబడేలా రాసి ఉండాలి. మనకు కావలసిన మొదటి పార్కు నియమం ఇదే. ఉన్న స్థలం ఎంతో తెలియకుండా, ఆ స్థలంలో ఉమ్మివేయరాదని బోర్డు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

అచ్యుతాపురంలో బహిరంగ స్థలం విలాసం కాదని అనడానికి ఇంకో కారణం ఉంది. 2022 జూన్, ఆగస్టు నెలల్లో బ్రాండిక్స్ ఆవరణలోని దుస్తుల కర్మాగారంలో విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. ఇలాంటి వేళ పరుగెత్తి చేరడానికి చెట్లున్న ఖాళీ జాగా ప్రాణాధారం. గాలిలోని దుమ్మును, ఘాటును కొంతైనా ఆపేది పచ్చని పట్టీ. ఆ పచ్చదనాన్ని ఎవరు తగ్గించినా, అది కర్మాగారమైనా కబ్జాదారైనా, పార్కు నియమం ముందుగా అతని తలుపే తట్టాలి.

శుక్రవారం మాత్రమే మేల్కొనే నియమం

ఇక రెండో వైపు చూద్దాం. 2018 డిసెంబరులో నోయిడా సెక్టార్ 58లో పోలీసులు కంపెనీలకు నోటీసులు ఇచ్చారు. అక్కడి పార్కులో శుక్రవారం నమాజు సహా మతపరమైన కార్యక్రమాలకు అనుమతి లేదనీ, తమ ఉద్యోగులు ఉల్లంఘిస్తే కంపెనీలనే బాధ్యులను చేస్తామనీ వాటి సారాంశం. పార్కులో ఒక పౌరుడు మోకరిల్లితే అతని యజమాని జవాబు చెప్పాలన్న న్యాయం ఏ శిక్షాస్మృతిలో ఉంది? ఉద్యోగం పోతుందన్న భయాన్ని నియమంగా వాడుకోవడం ఇది. గురుగ్రామ్‌లో 2018లో అధికారులే శుక్రవారం నమాజు కోసం 37 బహిరంగ స్థలాలను గుర్తించారు. 2021 నవంబరులో వాటిలో ఎనిమిదింటికి అనుమతి ఉపసంహరించారు. డిసెంబరులో అప్పటి హర్యానా ముఖ్యమంత్రి మనోహర్‌లాల్ ఖట్టర్ బహిరంగ నమాజును సహించబోమని ప్రకటించారు. మధ్యలో జరిగింది ఏమిటి? నమాజు చేసేవారు చెట్లు నరికారా? పచ్చికను తగలబెట్టారా? అలాంటి ఆరోపణ ఎవరూ చేయలేదు. కొందరు వచ్చి నినాదాలతో అడ్డుకున్నారు. అడ్డుకున్నవారిని ఆపవలసిన ప్రభుత్వం, అడ్డుకోబడినవారిని పంపివేసింది.

ఈ సందర్భంలో మన ఎదుట మూడు వాదనలు పెడతారు. వాటికి సూటిగా జవాబు చెప్పాలి.

మొదటిది, పార్కు ప్రార్థనా స్థలం కాదన్న వాదన. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని మనం ఒప్పుకోవాలి. ప్రజల వీధుల్లో, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా పేరుతో అనధికార నిర్మాణాలు ఇకపై అనుమతించరాదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. 2013 జనవరిలో విగ్రహాలకూ అలాంటి ఆంక్ష విధించింది. ఈ ఆదేశాలను మనం మనస్ఫూర్తిగా సమర్థిస్తాం. పార్కులో ఒక్క ఇటుక కూడా మతం పేరుతో పేర్చరాదు. మన పేరుతో అసలే పేర్చరాదు. అయితే కట్టడం వేరు, కాసేపు కూర్చోవడం వేరు. కట్టడం ఆ నేలను అందరి నుంచి శాశ్వతంగా లాక్కుంటుంది. చాప పరిచి ఎత్తేసినవాడు పచ్చికను ఉన్నచోటే వదిలి వెళతాడు.

రెండోది, మీకు ఇస్తే అందరూ అడుగుతారన్న వాదన. అడగనివ్వండి. అడగడం పౌరుల హక్కు. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవానికి మన విశాఖ రామకృష్ణా బీచ్ వెంట ప్రధానమంత్రితో కలిసి మూడు లక్షలకు పైగా జనం ఆసనాలు వేశారని ప్రభుత్వం ప్రకటించింది. మనకు దానిపై ఎలాంటి ఫిర్యాదూ లేదు. రోడ్లు మళ్లించారు, చాపలు పరిచారు, తాగునీరు పెట్టారు, వైద్యులను ఉంచారు. మూడు లక్షల మందికి తీరంలో చోటు చూపగలిగిన పాలనా యంత్రాంగానికి, ముప్పై మంది కార్మికులకు వారానికి అరగంట కాలపట్టిక వేయడం అసాధ్యమంటే నమ్మాలా? ఉదయం నడక సంఘానికి ఒక వేళ, భజన బృందానికి ఒక వేళ, పుట్టినరోజు వేడుకకు ఒక వేళ, కార్మిక సంఘం సభకు ఒక వేళ. అందరికీ ఒకే దరఖాస్తు, ఒకే గడువు, ఒకే శబ్ద పరిమితి. ఇందులో మనం అడుగుతున్న ప్రత్యేకత ఏదీ లేదు. రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వమే మా కోరిక.

మూడోది, శాంతిభద్రతల వాదన. గొడవ చేస్తామని బెదిరించినవాడి మాట చెల్లుబాటు అయితే, ఇక ఏ హక్కు కూడా మిగలదు. రేపు అదే బెదిరింపు చర్చి ముందు, దళితుల అంబేద్కర్ జయంతి ఊరేగింపు ముందు, స్త్రీల సభ ముందు ప్రత్యక్షమవుతుంది. శాంతియుతంగా గుమికూడే హక్కును రాజ్యాంగం ఇచ్చింది. ఆ హక్కుకు భంగం కలిగించేవాణ్ణి ఆపడమే పోలీసుల పని.

ఇది కేవలం మన ఒక్కరి సమస్య అనుకుంటే పొరపాటే. హైదరాబాదు ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌ను గుర్తుచేసుకోండి. 2017లో తెలంగాణ ప్రభుత్వం అక్కడ నిరసనలను నిలిపివేసినప్పుడు ముందుకు తెచ్చిన కారణాల్లో పార్కుకు వచ్చే నడకదారుల, చుట్టుపక్కల నివాసుల ఇబ్బంది ఒకటి. పార్కు ప్రశాంతత పేరుతో ఒక రాజధానిలో గొంతులు మూసే ప్రయత్నం జరిగింది. 2018లో హైకోర్టు జోక్యంతోనే ఆ చోటు తిరిగి ప్రజలకు దక్కింది. 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ దగ్గర కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో సంస్కృతి రక్షకులమని చెప్పుకునే కొందరు ఒక యువజంటకు బలవంతంగా తాళి కట్టించారు. పార్కులో ఆ రోజు ప్రమాదకరమైన పని చేసింది ఎవరు? బెంచీపై కూర్చున్న జంటా, గుంపుగా వచ్చి పడినవారా? నియమం అమలు చేసే అధికారం గుర్తింపు కార్డు ఉన్న ఉద్యోగికి మాత్రమే ఉండాలి. కండువా కట్టినవాడికల్లా ఆ అధికారం దక్కితే పార్కులోకి అడుగుపెట్టడానికి ముందు భయపడేది స్త్రీలు, ఆ తర్వాత మనం, ఆ తర్వాత అందరూ.

కలిసి వాడుకున్న నేలలు

పార్కు, ప్రార్థన ఒకచోట ఇమడవని వాదించేవారు హైదరాబాదు బాగే ఆమ్‌కు ఒకసారి వెళ్లాలి. ఆ పేరుకు అర్థమే ప్రజల తోట. నేడు పబ్లిక్ గార్డెన్స్ అంటాం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిన షాహీ మసీదు ఆ తోటలోనే ఉంది. శాసనసభ భవనం, జూబ్లీ హాలు, మ్యూజియం కూడా ఆ ఆవరణలోనివే. ఉదయం నడిచేవారు నడుస్తారు, శుక్రవారం నమాజుకు వచ్చేవారు వస్తారు, పిల్లలు ఆడుకుంటారు. దశాబ్దాల తరబడి ఒకరి దారికి ఒకరు అడ్డు రాలేదు. బెంగళూరు లాల్‌బాగ్‌ను హైదర్ అలీ ప్రారంభించాడు, టిప్పు సుల్తాన్ పెంచాడు. నేడు అందులో అన్ని మతాలవారూ నడుస్తున్నారు, తెలుగువారూ లక్షలుగా చూసి వచ్చారు. అలాంటి తోటల రక్షణకే కర్ణాటక 1975లో ప్రత్యేక చట్టం చేసుకుంది. తమిళనాడు 1959లోనే పార్కులు, ఆటస్థలాల కోసం చట్టం తెచ్చింది. విశాఖ రేవు పక్కన మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి ఉన్నాయి. ఒక కొండ ఎక్కేవాణ్ణి మరో కొండవారు ఎన్నడూ నిలదీయలేదు. ఇదీ మన నేల సంప్రదాయం. దిల్లీ శివార్లలో పుట్టిన కొత్త పట్టింపులను ఇక్కడికి దిగుమతి చేసుకోవలసిన అవసరం మనకు లేదు.

అయితే హెచ్చరిక కూడా అవసరం. నోయిడా, గురుగ్రామ్ వివాదాలు పుట్టింది పాత ఊళ్లలో కాదు, కొత్తగా మొలిచిన పారిశ్రామిక నగరాల్లో. కర్మాగారాలకు ప్లాట్లు ఉంటాయి, హోటళ్లకు ప్లాట్లు ఉంటాయి. దూరప్రాంతాల నుంచి వచ్చిన కార్మికుడు సెలవు రోజు ఎక్కడ కూర్చోవాలి, పండుగ రోజు ఎక్కడ ప్రార్థించాలి అన్నది ప్రణాళికలో ఉండదు. అచ్యుతాపురం కూడా అలాంటి ఊరుగానే పెరుగుతోంది. పూడిమడకలో హరిత ఉదజని ప్రాజెక్టుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. మరిన్ని వేల మంది వస్తారు. ఈ ప్రశ్నను ఇప్పుడు పరిష్కరించకపోతే, పదేళ్ల తర్వాత అది తగాదాగా మన గుమ్మం ముందుకు వస్తుంది.

మనం అడగవలసినవి, మనం చేయవలసినవి

అధికారులను మనం అడగవలసినవి ఇవి. లేఅవుట్లలో వదిలిన బహిరంగ స్థలాల జాబితా సర్వే నంబర్లతో ప్రతి పంచాయతీలో ప్రకటించాలి. పూడిమడక తీరంలో ప్రమాదకరమైన చోట్లు గుర్తించి జెండాలు పాతాలి, సెలవు రోజుల్లో శిక్షణ పొందిన గజ ఈతగాళ్లను నియమించాలి. ఆ పనికి స్థానిక మత్స్యకార యువకులను మించినవారు దొరకరు. కొండకర్ల ఆవలో ప్రతి దోనెపై ఎంతమంది ఎక్కవచ్చో రాయాలి, జాకెట్టు లేనిదే ఎక్కనివ్వరాదు. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు వ్యర్థాలు వేయడాన్ని, ఆక్రమణను, ఒడ్డుకు దగ్గరగా శాశ్వత కట్టడాలను నిషేధించాయి. ఆ రక్షణ ఆవకు పూర్తిగా దక్కాలి. నియమాల బోర్డులు తెలుగులోనే కాక వలస కార్మికులు చదవగల ఉర్దూ, హిందీ, ఒడియా భాషల్లోనూ ఉండాలి. జరిమానాకు రసీదు ఇవ్వాలి. గుమికూడేందుకు అనుమతి నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎవరికి ఇచ్చారో ఎవరికి నిరాకరించారో తెలిపే రిజిస్టరు ఎవరైనా చూసేలా ఉంచాలి. పేద కుటుంబాన్ని గేటు బయటే నిలిపేంత ప్రవేశ రుసుము వద్దు. హజ్రత్ ఉమర్ (ర) తన కాపలాదారుకు చెప్పింది ఇదే కదా.

మన జమాత్‌లు చేయవలసినవి కూడా అంతే ముఖ్యం. ఈద్ నమాజుకు బహిరంగ మైదానం వాడుకోవాలంటే నెల ముందుగానే దరఖాస్తు పెట్టాలి, దాని నకలు భద్రపరచాలి. దారి వదిలి సఫ్‌లు కట్టాలి. అంబులెన్సుకు, నడిచేవారికి ఇబ్బంది కలగరాదు. నమాజు ముగిశాక ఆ నేలను వచ్చినప్పటికంటే శుభ్రంగా వదిలిపెట్టే బాధ్యత ఒక యువ బృందానికి అప్పగించాలి. ఖుర్బానీ వ్యర్థాలు పార్కు దరిదాపుల్లో, కాలువలో, చెరువులో పడరాదు. వాటిని సేకరించే ఏర్పాటును పంచాయతీతో కలిసి ముందే చేసుకోవాలి. పిల్లలను తీరానికి తీసుకెళ్లే తండ్రులు, అన్నలు నీళ్ల దగ్గర వారి చేయి వదలరాదు. మసీదులో జుమా ప్రసంగం చేసే ఇమాములు ఏడాదికి రెండుసార్లయినా ఈ విషయాలపై మాట్లాడాలి. మరొకరి పొలంలోనో, మరొకరి దారిలోనో వారి ఇష్టానికి విరుద్ధంగా నిలిచి చేసే నమాజు గురించి మన పండితులు ఎన్నడో హెచ్చరించారు. ఆ హెచ్చరికను ముందు మనమే గుర్తుంచుకోవాలి.

ఇలా మన వంతు పని మనం పూర్తి చేసినప్పుడు, ఎదుటివాడి చేతిలో మిగిలేది ఒక్క ద్వేషమే. 2021 నవంబరులో గురుగ్రామ్‌లో ఒక గురుద్వారా కమిటీ తమ ప్రాంగణంలో నమాజు చేసుకోమని ముందుకు వచ్చింది. మనం ఎప్పుడూ ఒంటరులం కామని అది తెలిపింది. పార్కును ప్రేమించే నడకదారు, పక్షిని కాపాడే విద్యార్థి, తీరంపై బతికే మత్స్యకారుడు, ధర్నా చేసే కార్మికుడు మన సహచరులే. వారి డిమాండు, మన డిమాండు ఒకటే. వచ్చే గ్రామసభలో ఆ డిమాండును లిఖితపూర్వకంగా పెట్టాలి. బహిరంగ స్థలాల జాబితా అడగాలి, తీరానికి ఈతగాళ్లను అడగాలి, అందరికీ ఒకే నియమం అడగాలి. ఆ సభ తీర్మాన పుస్తకంలో మన సంతకాలతో పాటు పొరుగువారి సంతకాలు కూడా ఉండేలా చూసుకోవాలి.